ఐ.పి. పెడితే ఇంట్లో ఏం మిగులుతుంది?

"ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడటండీ!"

ఈ మాట పొద్దున వీధి మొదట్లో పుడితే సాయంత్రానికి ఊరు దాటిపోతుంది. కూరల బజారులో ఆడవాళ్ళూ, కాఫీ హోటలు బల్లల దగ్గర మగవాళ్ళూ తలా ఒక ముక్క కలుపుతారు. అక్షరాలు రెండూ ఇంగ్లీషువే. అయితేనేం, వాటికి "పెట్టడం" తగిలించి మనం అచ్చ తెలుగు నానుడి చేసేసుకున్నాం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే దానికి అవి పొడి అక్షరాలు. "నా అప్పులు తీర్చే శక్తి నాకు లేదు. వున్నదేదో తీసుకుని బాకీదార్లందరికీ పంచండి" అని కోర్టువారికి పెట్టుకునే అర్జీ అన్నమాట.

ఈ నానుడిలో ఒక తిట్టు కూడా దాగివుంది. ఐ.పి. పెట్టాడంటే వాడు పది మంది సొమ్మూ మింగి, మేడ పెళ్ళాం పేర రాసి, తెల్లచొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడని లోకం అనుకుంటుంది. అలాటి వాళ్ళు లేరని కాదు. చీటీపాటల మీద కూతురి పెళ్ళికని దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళు ప్రతి పేటలోనూ వున్నాయి.

అదే మాట నిజంగా వ్యాపారం దెబ్బతిన్న ఇంట్లో వినబడితే వచ్చే భయం వేరు. కోర్టు అమీనా వస్తాడు, చెంబూ తప్పేలాతో సహా వీధిలో పడేస్తాడు, మెళ్ళో పుస్తెలు కూడా వేలం వేస్తారు అని. ఆ భయంతోనే ఇల్లు అయినకాడికి అమ్ముకున్నవాళ్ళున్నారు, పసుపుతాడు కట్టుకుని పుస్తెలు తాకట్టుకు పంపిన ఇల్లాళ్ళున్నారు. ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళూ వున్నారు. పోయేదేదో, పోనిదేదో ముందుగా తెలిసివుంటే ఇందులో కొన్ని అనర్థాలైనా తప్పేవి.

మన తెలుగు రాష్ట్రాలలో మామూలు మనుషుల దివాలా వ్యవహారానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అప్పులు 500 రూపాయలు వుంటే చాలు, అర్జీ పెట్టుకోవచ్చునని అందులో వుంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. రూపాయి విలువ ఎక్కడినుంచి ఎక్కడికి జారిపోయినా ఆ అంకె మాత్రం చట్టంలో అలాగే కూర్చునివుంది.

కోర్టువారు అర్జీ విచారించి, మనిషిని దివాలాదారుగా ప్రకటించారంటే, ఆ క్షణాన ఆయన ఆస్తి యావత్తూ కోర్టుకుగాని, కోర్టు నియమించిన రిసీవరుకుగాని దఖలు పడుతుంది. ఆ పైన అప్పులవాడెవడూ కోర్టు అనుమతి లేకుండా ఆయన మీద విడిగా దావా వేయడానికి వీల్లేదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిది 28వ సెక్షనులోని ఒక చిన్న వాక్యం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారం జప్తు చేయకూడనిది ఏదైతే వుందో అది ఈ "ఆస్తి" అన్న మాట కిందికే రాదు అంటుంది ఆ వాక్యం. అంటే రిసీవరుగారు జాలిపడి వదిలిపెట్టడం కాదు. అసలది ఆయన చేతికి పోనే పోదు. ఆ జప్తు కూడని వస్తువుల పట్టీ కోడులో 60వ సెక్షనులో వుంది. ఒక్క ఐ.పి. పెట్టినవాళ్ళకే కాదు, డిక్రీ అయి జప్తు వారంటు ఎదుర్కొనే ఎవరికైనా వర్తించేది ఆ పట్టీయే.

దాన్ని పట్టుకుని ఒకసారి ఇల్లంతా తిరిగి వద్దాం.

వంటింట్లో వండుకునే పాత్రలు జప్తు చేయకూడదు. పడుకునే మంచాలు, పరుపులు, దుప్పట్లు కూడదు. భార్యాభర్తలూ పిల్లలూ కట్టుకునే అవసరమైన బట్టలు కూడదు. "అవసరమైన" అన్న మాట వుంది గనుక బీరువా నిండా వున్న పట్టుచీరలన్నీ అందులో చేరుతాయని అనుకోకండి. సోఫాలు, టీవీ, ఫ్రిజ్జు ఈ మాటల్లో ఇమడవు. గంగాళాలూ, గుండిగలూ అటకనిండా పేర్చివుంటే అవన్నీ నలుగురున్న సంసారానికి వంటపాత్రలే అని వాదించడానికి ఎంత గడుసు ప్లీడరైనా కాస్త తడబడతాడు.

ఇక ఇల్లాలి మెడ. మతాచారాన్ని బట్టి స్త్రీ తన వొంటి మీదినుంచి తీయకూడని నగలు జప్తుకు లోబడవని చట్టం రాసింది. మనకు పుస్తెలు, మెట్టెలు అలాటివి. చంద్రహారం, వడ్డాణం అలాటివి కావు. అయితే ఇక్కడ ఒక మెలిక వుంది. ప్లీడర్ల గదుల్లో తరచు ఈ ధోరణిలో సాగే సంభాషణ చూడండి:

"లాయరుగారూ, నా మెళ్ళోవి కూడా పట్టీలో రాయాలాండీ?"

"పుస్తెలేనా అమ్మా?"

"పుస్తెలూ, ఈ రెండుపేటల గొలుసూ, గాజులూనండి."

"పుస్తెల జోలికి ఎవరూ రారమ్మా. గొలుసు ఎవరు చేయించారు?"

"మా నాన్నగారు. పెళ్ళినాడు పెట్టారు."

"అయితే అది మీది. మీవారిది కానే కాదు. మరి గాజులో?"

"అవి పోయిన సంక్రాంతికి ఈయనే కొన్నారండి."

"వాటి మాట దాచవద్దు. ఉన్నదున్నట్టు రాద్దాం."

ఈ నాలుగు ముక్కల్లోనే మూడు సంగతులున్నాయి. పుస్తెలకు 60వ సెక్షను కాపలా. పుట్టింటివారు పెట్టిన గొలుసు స్త్రీధనం. స్త్రీధనానికి భార్యే సంపూర్ణ హక్కుదారు అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో నొక్కి చెప్పింది. భర్త అప్పుకు భార్య సొమ్ము జవాబుదారీ కాదు, ఆమె తాను సంతకం పెడితే తప్ప. మూడోది గాజుల సంగతి. దివాలా అర్జీకి ముందు రెండేళ్ళలోపల ఉచితంగా ఇతరులకు ముట్టజెప్పిన ఆస్తిని రిసీవరు కోరితే కోర్టు రద్దు చేయవచ్చు. భార్య కూడా ఈ లెక్కలో "ఇతరులే" సుమా! మేడ పెళ్ళాం పేర రాసి నిశ్చింతగా వుందామనుకునేవాళ్ళకు అడ్డుకట్ట ఇక్కడే పడింది. అలాగే మూడు నెలలలోపల బావమరిది బాకీ ఒక్కటీ తీర్చి, తక్కినవాళ్ళకు చెయ్యి చూపించినా, కావాలని అతనికి మేలు చేశాడని తేలితే ఆ చెల్లింపు చెల్లదు.

అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి మరొకటి. కోర్టుకు కూడా అందని పుస్తెలను మనవాళ్ళు తామే తీసుకెళ్ళి తాకట్టు పెడతారు. ప్రోనోటు మీద అప్పిచ్చినవాడు వీధిలో అరిచాడని, పరువు పోతుందని, బంగారం కుదువపెట్టి వాడి వడ్డీ కడతారు. ప్రోనోటువాడు డిక్రీ తెచ్చుకున్నా ఆ పుస్తెలు ముట్టుకోలేడు. కాని కుదువపెట్టుకున్నవాడు గడువు దాటితే నోటీసు ఇచ్చి అమ్ముకోగలడు. కోర్టుకు వెళ్ళే పనే లేదు. ఇంటి తాకట్టు సంగతీ అంతే. ఐ.పి. పెట్టినంత మాత్రాన తాకట్టు పట్టినవాడి హక్కు చెదరదు. అందువల్ల చిక్కుల్లో వున్న సంసారానికి ఎవరైనా సలహా చెప్పదలిస్తే మొదట చెప్పవలసింది ఇది: హామీ లేని అప్పు తీర్చడానికి చట్టం కాపాడే వస్తువును హామీగా పెట్టకండి.

పనివాళ్ళ విషయంలో చట్టం చల్లగానే చూసింది. వడ్రంగి ఉలీ రంపమూ, సాలెవాని మగ్గమూ, కంసాలి పనిముట్లూ జప్తు కాకూడదు. సేద్యగాడికి నాగలి, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనపు గింజలు వదలాలి. ఎద్దుల్ని అమ్మేస్తే వచ్చే ఏడు వాడు దున్నేదేమిటి, అప్పు తీర్చేదేమిటి? పాలిచ్చే గేదెను చంపి పాలు పిండుకోజూడడం లాటిది అది.

పల్లెటూరి రైతుకు మరొక పెద్ద ఆసరా, ఆయన కాపురముంటున్న ఇల్లు. రైతు ఇల్లూ, దాని స్థలమూ, దాన్ని అంటివున్న అవసరమైన దొడ్డీ జప్తు చేయరాదు. 1976 సవరణతో కూలివాళ్ళకూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ ఈ రక్షణ వచ్చింది. అయితే రైతు అంటే ఎవరు? భూమి సొంతంగా సాగుచేస్తూ, ముఖ్యంగా ఆ రాబడి మీదే బతికేవాడు. తానే దున్నినా సరే, కూలి ఇచ్చి పాలేర్లతో చేయించినా సరే. పంటలో వాటాకిచ్చి, తాను బెజవాడలో కూర్చుని కొట్టు నడుపుకునే ఆసామీ, పాసుపుస్తకం చూపించి "నేనూ రైతునే" అంటే కోర్టు ఒప్పుకోదు.

మరి పట్నంలో ఇల్లు? మన పాఠకులలో చాలామంది ఈ ముక్క కోసమే ఇంతవరకు చదువుతూ వచ్చివుంటారు. తియ్యగా చెప్పడానికేమీ లేదు. పట్నంలో వర్తకుడికీ ఉద్యోగస్తుడికీ 60వ సెక్షను సొంత ఇల్లు కాపాడదు. కొట్టులో సరుకు, బ్యాంకులో డిపాజిట్టు, ఊరి చివర కొన్న ప్లాటు, వాకిట్లో కారు అన్నీ పోతాయి. అద్దె కొంపలో వున్నవాడు ఈ విషయంలో కాస్త నయం. అద్దె చట్టం వర్తించే నివాసంలో అతని కిరాయిదారు హక్కును జప్తు చేయరాదు.

నెలజీతం మీద బతికేవాళ్ళకు మాత్రం లెక్క స్పష్టంగా వుంది. మామూలు బాకీ డిక్రీలో జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోరాదు. మినహాయింపు వున్న అలవెన్సులు పోను జీతం 40,000 అనుకోండి. మొదటి వెయ్యి తీసేస్తే 39,000. అందులో రెండు వంతులు 26,000. వెరసి 27,000 ఇంటికి వస్తుంది, 13,000 బాకీకి పోవచ్చు. అదీ ఎల్లకాలం కాదు. 24 నెలలు జప్తు సాగాక 12 నెలలు విరామం ఇవ్వాలి. ఆ జప్తు అంతా ఒకే డిక్రీ కిందైతే ఇక ఆ డిక్రీకి ఆ జీతం చిక్కదు. భార్యాపిల్లల మనోవర్తి డిక్రీ అయితే ఇంత దయ లేదు. అప్పుడు మూడో వంతు మాత్రమే మిగులుతుంది. అది న్యాయమే గదా!

ఉద్యోగం విరమించినవారి పెన్షను, గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు జప్తుకు లోబడవు. పదవీ విరమణ సొమ్ము బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టు వేసినా దాని స్వభావం మారిపోదని 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. కొడుకు వ్యాపారం కోసం తండ్రి హామీ సంతకం పెట్టిన ఇళ్ళల్లో ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

జీవితబీమా సంగతి కాస్త నిదానించి చెప్పుకోదగ్గది. 1976 సవరణ తరువాత బాకీదారు ప్రాణం మీది పాలసీ సొమ్ము జప్తు పట్టీనుంచి తప్పింది. కాని అంతకు చాలా ముందునుంచే మరొక దారి వుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో 6వ సెక్షను. పెళ్ళయిన మగవాడు భార్యకోసం గాని, పిల్లలకోసం గాని అని స్పష్టంగా రాయించి పాలసీ తీసుకుంటే అది వాళ్ళ తరఫున ధర్మకర్తృత్వం కింద వుంటుంది. ఆయనకూ, ఆయన అప్పులవాళ్ళకూ అందదు. ఈ సదుపాయం మొదట్లో హిందువులకూ ముస్లింలకూ వర్తించేది కాదు. మద్రాసు రాష్ట్రంలో 1913 డిసెంబరు 31 తరువాత తీసుకున్న పాలసీలకు వర్తింపజేశారు. ఆ చట్టం అమలులో వున్న తక్కిన ప్రాంతాలకు 1923 ఏప్రిల్ 1 తరువాత. అంటే ఆనాడు మద్రాసు కింద వున్న కోస్తా, రాయలసీమ కుటుంబాలకు ఇది తొమ్మిదేళ్ళు ముందే దక్కింది. పాలసీ కాగితం మీద ఆ ఒక్క వాక్యం రాయించుకోవడం మరిచిపోయిన ఇళ్ళే ఎక్కువ. ఏజెంటు తొందరలో సంతకాలు పెట్టేస్తాం గదా! అప్పులవాళ్ళను ఎగగొట్టే వుద్దేశంతోనే తీసుకున్న పాలసీ అయితే మాత్రం ఈ కవచం పనిచేయదు.

చెన్నపట్నంలో వ్యాపారాలు చేసుకునే తెలుగువాళ్ళకు చట్టం వేరు. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లోనే విడిగా ఒక చట్టం వచ్చింది. పనిముట్లు, బట్టలు, పరుపులు, వంటపాత్రలు, సామాను అన్నీ కలిపి 300 రూపాయల విలువ మించకుండా వదలాలని అందులో రాశారు. ఆ 300కు ఇవాళ ఓ మోస్తరు కుక్కరు కూడా రాదు. అంకెలతో చట్టం రాస్తే వచ్చే చిక్కు ఇదే. "అవసరమైన వంటపాత్రలు" అని రాసిన కోడు నూరేళ్ళు దాటినా పాతబడలేదు.

పాత చట్టాలు తీసేసి కొత్తది తేవాలని 2016లో దివాలా కోడు చేశారు. వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు హామీ వున్నవారికి మాత్రం అమలులోకి వచ్చింది. మామూలు సంసారికి ఇంకా 1920 చట్టమే దిక్కు. కొత్త పట్టీ పాతదానికన్నా ఉదారమైనది. వృత్తికి కావలసిన వాహనం, పుస్తకాలు, బీమా పాలసీ అందులో వున్నాయి. అన్నిటినీ మించి ఒక నివాస గృహం వుంది. పట్నంలో అయితే 20 లక్షలు, పల్లెలో అయితే 10 లక్షలు విలువ మించకూడదు. తీయకూడని నగలకు లక్ష రూపాయల పరిమితి. వీటి మీద తాకట్టు వుండకూడదు. హైదరాబాదులో 20 లక్షల ఇల్లు ఎక్కడ దొరుకుతుందో వెతికి చూసుకోవలసిందే గాని, సొంత ఇంటిని కూడా కాపాడాలనే ఆలోచన వచ్చింది, సంతోషం.

ఇంకొక భయం, అమీనా భయం. అప్పిచ్చినవాడు తానుగా మనుషుల్ని వెంటేసుకొచ్చి సామాను పట్టుకుపోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. కోర్టు వారంటుతో అమీనాయే రావాలి. ఆయన కూడా సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు నివాస గృహంలో అడుగు పెట్టరాదు. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అరెస్టు చేయరాదు. మగవాళ్ళనైనా, చెల్లించే శక్తి వుండి ఎగవేసినప్పుడే జైలు గాని, పేదరికానికి జైలు కూడదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు తీర్పు రాశారు. "నా వంటపాత్రలూ, నా పెన్షనూ జప్తు చేసుకోవచ్చును, అభ్యంతరం లేదు" అని అప్పు పత్రంలో ముందే సంతకం పెట్టించుకున్నా, 1976నుంచి ఆ షరతు చెల్లదు.

పితృఋణం మాట కూడా వుంది. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మమని మన పెద్దలు చెప్పారు. తీర్చగలిగిన కొడుకు తీరిస్తే ఎవరూ కాదనరు. కాని ఆ ధర్మబాధ్యత ఒక్కటే ఆధారంగా కొడుకుమీద దావా చేసే వీలు, 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు లేదు.

ఇంతసేపూ మిగిలేవాటి గురించి చెప్పుకున్నాం. అప్పులవాళ్ళ కన్నీళ్ళు కూడా మనకు కనబడాలి. వాళ్ళలో షావుకార్లే కాదు, పింఛను డబ్బు వడ్డీకిచ్చిన ముసలమ్మా వుంటుంది. అందుకే చట్టం ఒకచోట మాత్రం పట్టు విడవలేదు. మామూలు జప్తులో ఖాతా పుస్తకాలు ముట్టుకోకూడదు. దివాలాలో ఆ మినహాయింపు తీసేశారు. వంటగిన్నె నీ దగ్గరే వుంచుకో, చిఠ్ఠా ఆవర్జా మాత్రం ఇటు పెట్టు అన్నారు. లెక్కలు దాచినా, చింపినా, దొంగ పద్దులు రాసినా ఏడాది వరకు జైలు. నిజం రాసినవాడికి మాత్రం కుటుంబం గడవడానికి ఆ ఆస్తిలోనుంచే ఇంత భత్యం ఇప్పించే అధికారం కోర్టుకు వుంది. అది అడగాలని చాలామందికి తెలియదు.

అడగవలసింది మరొకటి, విడుదల ఉత్తరువు. దివాలాదారుగా ప్రకటించేటప్పుడే, ఇంత కాలంలో విడుదలకు అర్జీ పెట్టుకోవాలని కోర్టు గడువు పెడుతుంది. ఆ ఉత్తరువు వచ్చేవరకు కొత్తగా కలిసివచ్చే ఆస్తి కూడా రిసీవరుకే పోతుంది. అప్పటిదాకా శాసనసభకుగాని పార్లమెంటుకుగాని పోటీ చేసే అర్హతా వుండదు. విడుదలైతే పాత అప్పుల్లో చాలామటుకు తుడిచిపెట్టుకుపోతాయి. గవర్నమెంటు బాకీలు, మోసంతో చేసిన అప్పులు మాత్రం వుంటాయి. హామీ సంతకం పెట్టిన స్నేహితుడూ బయటపడడు, అతని మీద వాళ్ళు పోవచ్చు. ఇక గడువులోపల విడుదల కోరకుండా, "ఐ.పి. పెట్టాంగా, అయిపోయింది" అనుకుని ఇంట్లో కూర్చుంటే కోర్టు ఆ దివాలా ప్రకటననే రద్దు చేస్తుంది. అప్పులవాళ్ళు మళ్ళీ మొదటినుంచి గుమ్మం ముందుకు వస్తారు. గడువు తేదీ ఉత్తరువు కాగితం మీదే రాసివుంటుంది.